గాజు గాలం కట్టె

కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన నాకొక ఫైబర్ గ్లాసు షెడ్డు ఉండేది. కూలర్ల డొక్కులు, నీళ్ళ తొట్లు, బాత్రూం తలుపులు చేసేవాళ్ళం. ఇల్లు షెడ్డు వెనకాలే. గాజు గుడ్డకు పూసే రెజిన్ జిగురు వాసన వంటింట్లోకి, దుప్పట్లలోకి, చివరికి అన్నంలోకి కూడా వచ్చేది. నా భార్య బడిలో టీచరు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకు తల తిరుగుతాందని అనేది. కొన్నాళ్ళు పోయాక బడి నుంచి వచ్చి వాసన తగలకపోతే, "ఈ పొద్దు పని లేదా?" అని అడిగేది.

నేను పుట్టింది మైదుకూరులో, పసుపు వ్యాపారం చేసే శెట్ల ఇంట్లో. ఆమెది కర్నూలులో తరాలుగా మందిరానికి పోయే క్రైస్తవ కుటుంబం. మా పెళ్ళి సంగతి విని మా నాయన అన్న మాటలన్నీ రాస్తే కాగితం పాడవుతుంది. దుకాణం మెట్టు ఎక్కొద్దన్నాడు. నేను ఎక్కలేదు. కోపం ఆయనకెంత ముక్కు మీద ఉంటుందో నాకూ అంతే ఉంటుంది, ఆయన కొడుకునే కదా. కోడిగుడ్డు గడప దాటని ఇంట్లో పెరిగిన వాణ్ణి, ఆదివారం మందిరం నుంచి రాగానే చేపల పులుసు పొయ్యెక్కే ఇంటికి అల్లుణ్ణయ్యాను. నాకు విడిగా పప్పు చేసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. అట్లా రోజులు బాగానే గడిచాయి.

మా మామ కర్నూలు కడప కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. కాలువ గట్టున తిరుగుతూ, తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ, గట్టు తెగకుండా చూసుకోవడం లష్కరు పని. అదే కాలువ కిందికి పోయి పోయి మా మైదుకూరు పొలాలకు చేరుతుంది. చేరవలసింది, అనాలి. నీళ్ళు రానప్పుడల్లా మా ఊరి రైతులు దుకాణం అరుగు మీద కూర్చుని ఎగువ లష్కర్లను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. పెళ్ళయ్యాక ఒకసారి ఈ మాట మామతో చెప్పాను, నవ్వుతాడనుకుని.

"వాళ్ళు తిట్టింది నన్నేలే శెట్టీ" అన్నాడు. నవ్వలేదు.

నన్ను ఆయన అల్లుడా అని పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. శెట్టీ అనేవాడు. వెక్కిరింతా కాదు, ముద్దూ కాదు. ఒక తూముకు పేరున్నట్టు నాకూ అదొక పేరు. భార్య పోయాక ఆయన మా ఇంటికే వచ్చేశాడు. పగలు వేపచెట్టు కింద మంచం, సాయంత్రం కాలువ. ఆయనతో నాకు పెద్దగా మాటల్లేవు. నేను చేపలు తినను, ఆయన చేపలు తప్ప ఇంకోటి మాట్లాడడు. ఇంకేం మాట్లాడుకుంటాం?

ఆయన దగ్గర ఒక గాలం కట్టె ఉండేది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన విదేశీ డాక్టరొకాయన సొంత దేశానికి పోతూ పోతూ ఇచ్చింది. ఆ డాక్టరు సెలవు దొరికినప్పుడు కాలువ మీదికొచ్చి, చేపలుండే తావులు మామను అడిగేవాడట. మామ తావులు చూపిస్తే, ఆయన ఈ విద్య నేర్పించాడు. కట్టె తేనె రంగులో ఉండేది. రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించుకోవాలి. వెదురు కాదు, ఫైబర్ గ్లాసు. ఇంట్లో అందరికీ అది గాజు కట్టె.

ఎర్రను గుచ్చి నీళ్ళలో వదిలి బీడీ కాల్చుకుంటూ కూర్చునే గాలం కాదది. పుంజు మెడ ఈకలను ముల్లుకు దారంతో చుట్టి మామ ఈగ లాంటిది చేసేవాడు. ఈకకు బరువేముంటుంది, విసిరితే ఎంత దూరం పోతుంది? అందుకని గాలం దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కట్టెను వెనక్కి, ముందుకి ఊపితే ఆ దారం గాలిలో సాగుతూ పోయి, ఈగను తీసుకెళ్ళి నీళ్ళ మీద మెల్లగా దించుతుంది. గట్టు మీద పోయే గొర్రెల కాపర్లు నిలబడి చూసేవాళ్ళు. "చేపలకు ఈకలు మేపుతాండాడు సూడు" అని నవ్వుకునేవాళ్ళు. పొద్దు గూకే వేళకు కొరమీను పట్టుకుని ఇంటికొచ్చేది మాత్రం మామే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక క్రిస్మస్‌కు నా భార్య బెంగుళూరు నుంచి ఆయనకు కార్బన్ కట్టె తెచ్చింది. నల్లగా, సన్నగా, చేతిలో ఉందా లేదా అన్నంత తేలిక. గాజువి ఇప్పుడెవరూ వాడడం లేదని, ఎప్పుడో పోయాయని అది అమ్మినాయన చెప్పాడట. కూతురు తెచ్చింది కాబట్టి మామ, "బాగుండాది తల్లీ" అన్నాడు. బాగుందో లేదో ఆయన ముఖం చూసి కనుక్కునే మొనగాడు పుట్టలేదు. కొత్తది గోడ మేకుకు ఎక్కింది. పాతది మా పెరట్లో బట్టల దండెం వాలిపోకుండా మధ్యలో నిలబెట్టే ఆసరా కట్టె అయింది. ఎవరు పెట్టారంటే ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

కర్నూలు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రెండు మూడు వేసవులకు కట్టె పైపూత రాలిపోయి గాజు నూగు లేచింది. బట్టలు తీయబోయి దాన్ని తాకినవాళ్ళు చేతులు గోక్కునేవాళ్ళు. దురద పెట్టని వాణ్ణి నేనొక్కణ్ణే, నా తోలు దానికి ఎప్పుడో అలవాటు పడింది.

తర్వాత ఒకరోజు పొద్దున మామ చేతిలోంచి టీ గ్లాసు జారి పడింది. వంగి తీసుకోబోయి ఆయనా పడ్డాడు. పక్షవాతం, కుడి పక్క పడిపోయింది. ఆసుపత్రి, మాత్రలు, మర్దనలు. దేవుడి దయ అని నా భార్య, మందుల పుణ్యమని నేను, మాట తిరిగొచ్చింది. కాలూ వచ్చింది, కొంచెం ఈడుస్తూ. కుడిచెయ్యి కూడా కదిలేది, వేళ్ళు ముడుచుకునేవి, విచ్చుకునేవి. కాని అందులో స్పర్శ రాలేదు. పట్టుకున్నది గ్లాసో గుడ్డో కళ్ళతో చూస్తే గాని ఆయనకు తెలిసేది కాదు.

కాలువకు నీళ్ళు వదిలాక ఆయన కార్బన్ కట్టె తీసి నా ముందు నిలబడ్డాడు. స్కూటరు మీద తీసుకుపోమని అడగడం ఆయనకు రాదు, నిలబడతాడంతే. తీసుకుపోయాను. కుడిచేత్తో కట్టె ఊపాడు. దారం ఆయన చెవుల చుట్టూ చుట్టుకుంది. విప్పి మళ్ళీ ఊపాడు. ఎడమచేత్తో ప్రయత్నించాడు. అది ఇంకా అన్యాయం. చివరికి ఎట్లాగో ఈగ నీళ్ళ మీద పడింది. కాసేపటికి నీళ్ళు కదిలాయి, దారం పక్కకు పోయింది, నాకు కూడా కనిపించింది. మామ కదలకుండా చూస్తున్నాడు. "మామా, పట్టింది" అన్నాను. ఆయన కట్టె ఎత్తేసరికి అది ఈకలు ఉమ్మేసి ఎప్పుడో పోయింది.

ఆ సాయంత్రం పెరట్లో నా భార్య ఒక పని చేసింది. కట్టె ఆయన కుడిచేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమంది. తను దారం కొస పట్టుకుని దానిమ్మ చెట్టు దాకా పోయింది.

"నేను లాగినప్పుడు చెప్పు నాయనా."

లాగింది. ఆయన ఏమీ అనలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. కట్టె కొస వణికింది, ఆయన ముఖం మాత్రం రాయి మాదిరి ఉంది. ఆమె చెయ్యి దించేసి ఊరికే నిలబడ్డాక, "ఇప్పుడు లాగినావా?" అన్నాడు.

"ఆ" అంది ఆమె.

ఆమె గొంతులో అబద్ధం తెలుసుకోవడానికి ఆయనకు చెయ్యి అక్కర్లేదు. కళ్ళు తెరిచి కట్టెను గోడకు ఆనించాడు. "చేప తగిలింది చేతికి తెలీకపోతే కాలవకాడికి పోయి ఏం చెయ్యల్లమ్మా? నీళ్ళు చూసేకా? ఉద్యోగమంతా చూసినా నీళ్ళు" అన్నాడు.

ఆ తర్వాత కాలువకు పోలేదు. అది మామూలు అలక అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మంచం మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరిదో వస్తువు తన దగ్గర మర్చిపోయి పోయినట్టు చూసుకునేవాడు. తిండి తగ్గింది. ఆదివారం మందిరానికి కూడా లేవనన్నాడు. నా భార్య రాత్రి అన్నం కెలుకుతూ, "ఆ చెయ్యి ఒక్కసారి తెలిస్తే చాలు. మనిషి బతుకుతాడు. లేకపోతే ఇట్లే ఎండిపోతాడు" అంది. నాకు ఓదార్చడం చేతకాదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని అన్నాను. ఆమె లేచి పోయింది.

ఆ ఎండాకాలం ఎవరో కట్టే అపార్టుమెంటుకు బాత్రూం తలుపులు కావాలని బెంగుళూరు నుంచి ఒక ఇంజినీరు మా షెడ్డుకొచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. నీళ్ళు అడిగితే పెరట్లోకి తీసుకొచ్చాను. చెంబు నోటి దాకా ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"సార్, ఆ బట్టల కింద ఉన్నది ఏంటి?"

"కట్టె."

"అది గ్లాసు రాడ్డు సార్. ఫ్లై రాడ్డు, ఈగతో చేపలు పట్టేది." చెంబు కింద పెట్టి పోయి, నా భార్య చీర పక్కకు జరిపి, దాన్ని ఒళ్ళంతా తడిమి చూశాడు. కాసేపటికి గోక్కోవడం మొదలుపెట్టాడు. గోక్కుంటూనే చెప్పాడు. ఆయనకూ ఆ పిచ్చి ఉందట, కావేరిలో చేపలు పడతాడట. విదేశాల్లో గాజు కట్టెలను పారేసి కార్బన్ వెంట పడినవాళ్ళు ఇప్పుడు మళ్ళీ గాజు కోసం వెతుక్కుంటున్నారట, పాతవి కొంటున్నారట, కొత్తగా చేసేవాళ్ళూ పుట్టుకొస్తున్నారట. ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా అదే మాటట.

"కార్బన్ బిర్రుగా ఉంటుంది సార్, తొందర దానికి. గాజు నిదానం. కొస దగ్గర వంగడం మొదలుపెడితే పిడి దాకా వంగుతుంది. చేప ఊపిరి పీల్చినా అరచేతికి తెలుస్తుంది."

వేపచెట్టు కింద మంచం కిర్రుమంది. మామ లేచి కూర్చున్నాడు.

ఇంజినీరు ఆ కట్టెను ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతానన్నాడు. పట్టి వంచి చూడబోతే అది నిలువునా చీలిపోయింది. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. పది సార్లు క్షమించమని అడిగి, తలుపుల కొలతలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన కారు చప్పుడు దూరమయ్యాక మామ నన్ను పిలిచాడు.

"శెట్టీ, నువ్వు షెడ్డులో చేసేదీ ఇదే సామానే గదా?"

"అదే మామా. గాజూ రెజినూ."

"అట్లయితే ఒకటి చేసియ్యి."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. చేస్తానన్నాను. తొట్టి చేసేవాడికి కట్టె ఒక లెక్కా అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత పొరపాటో తర్వాత తల ప్రాణం తోకకొచ్చినప్పుడు తెలిసింది.

పద్ధతి చెప్పుకుంటే చిన్నదే. కొస వైపు సన్నమయ్యే ఇనుప కడ్డీ లేతు షాపులో చేయించాను. దానికి మైనం పూసి, రెజిన్‌లో తడిపిన గాజు గుడ్డ బిగువుగా చుట్టి, పైన టేపు లాగి కట్టి, గట్టిపడ్డాక కడ్డీని లోపలి నుంచి లాగేస్తే బోలు కట్టె మిగులుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో దాన్ని వేడి పెట్టెలో పెడతారట. మాకు ఎండాకాలంలో రేకుల కప్పే పెట్టె. మిట్టమధ్యాహ్నం పైన పెట్టి దించితే, పట్టుకోవడానికి గోనెపట్ట కావాల్సి వచ్చేది.

మొదటిది తెచ్చి మామకు ఇచ్చాను. పిడి దగ్గర పట్టుకుని ఊపాడు. అది ఊగలేదు. "దీన్తో చేపను కొట్టి చంపచ్చు" అన్నాడు. రెండోది ఇచ్చాను. "ఇది దున్నపోతుకు శెట్టీ, చేపకు గాదు." ఇంకొకటి చేశాను. ప్రతిసారీ గుడ్డ తక్కువ చుట్టాలనే మొదలుపెట్టేవాణ్ణి. చివర్లో చెయ్యి ఊరుకునేది కాదు, ఇంకొక్క చుట్టు పడేది. నా భార్య పెరట్లో దారం కొస పట్టుకుని లాగేది. ఆయన కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు.

"నువ్వు ఇరుగుతాదని బయపడతాండావప్పా" అన్నాడు ఒకరోజు.

నాకు కోపం వచ్చింది. ఎండలో కప్పెక్కి దిగేది నేను, మాట్లాడేది ఆయన. "ఇరిగితే ఎవరి మీద పడతాది మామా? నా పని మీదే గదా" అన్నాను. షెడ్డులోకి పోయి కూలర్ డొక్కులను ఊరికే అటూ ఇటూ జరిపాను.

అక్కడ నిలబడే ఒక సంగతి తట్టింది. మా నాయన దుకాణంలో పసుపు కొనేటప్పుడు బస్తాలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి విరిచేవాడు. ఫట్టుమని విరిగితే సరుకు. వంగిందంటే పచ్చి కింద లెక్క, సరిగా ఉడకలేదు, ఎండలేదు, మోసం. రైతు ముఖం మీదే బస్తా మూతి కట్టించేవాడు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ చూసింది అదే. వంగే వస్తువు దొంగ వస్తువని నా వేళ్ళకు ఎవరూ చెప్పకుండానే అంటుకుంది. ఇల్లు వదిలాను, దుకాణం వదిలాను, ఆ వేళ్ళను మాత్రం వెంట తెచ్చుకున్నాను. అందుకే కొస కొంచెం వంగితే చాలు, ఇంకా పచ్చిగా ఉందని ఇంకో చుట్టు చుడుతున్నాను.

పోయి మామతో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆయనకు మా నాయన మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీ నాయన చెప్పింది పసుపుకు సరే" అన్నాడు. "ఇది వంగల్ల శెట్టీ. వంగకుంటే నాకెట్ల తెలిసేది?"

ఆ మాటతో నా కోపం ఎటో పోయింది. మరుసటి రోజు గుడ్డ చుట్టేటప్పుడు చివరి చుట్టు దగ్గర కత్తెర తీసుకుని గుడ్డను కోసేశాను, మిగిలితే కదా చెయ్యి పోయేది. ఆ కట్టె కప్పు మీంచి దించాక చూస్తే నాకే భయమేసింది. పట్టుకుంటే సొంత బరువుకే కొస వంగుతోంది. మా నాయన చూస్తే బస్తా మూతి కట్టించేవాడు.

పాత కట్టె మీది ఉంగరాలు, అంటే దారం దూరిపోయే తీగ చుట్టలు, తీసి తాత్కాలికంగా టేపుతో అంటించాను. పిడి మామ కుడిచేతిలో పెట్టాను. నా భార్య దారం కొస తీసుకుని దానిమ్మ చెట్టు దగ్గరికి పోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆమె లాగింది. కట్టె కొస నుంచి నడుము దాకా, నడుము నుంచి పిడి దాకా మెల్లగా వంగింది.

"ఆ" అన్నాడు మామ.

ఆమె ఆగింది. ఆయన ఏమీ అనలేదు. మళ్ళీ లాగింది, ఈసారి వేలితో మీటినంత.

"ఆ."

"ఎక్కడ తెలుస్తాంది నాయనా?"

"మోచేతికాడ. లేదు, కింద. అరచేతిలో కొంచెం. దూరంగా, గోడ అవతల ఎవరో తట్టినట్ల ఉండాది." కళ్ళు తెరవలేదు. "ఇంగోసారి లాగు తల్లీ."

ఆమె లాగుతూనే ఉంది. ఆమె ముక్కు చీదడం వినిపించింది. నేను సిమెంటు తొట్టి దగ్గర చేతులు కడుక్కోవడానికి పోయి చాలాసేపు కడుక్కున్నాను. సంతోషం వేస్తే నాకు ఏం చేయాలో తోచదు.

ఆ రాత్రికి కట్టెను ఆయన దగ్గరే పెట్టుకోనిచ్చాను. పొద్దున తీసుకుని, టేపు పీకేసి, ఉంగరాలను దారంతో చుట్టి, పైన రెజిన్ పూశాను. రెండు రోజులు ఆరబెట్టాను. కాలువకు నీళ్ళొచ్చాయి. సుంకేసుల వైపు, తుమ్మచెట్లు గట్టు మీదికి వంగిన ఒక మలుపు దగ్గరికి పోదామన్నాడు మామ. ఆదివారం మందిరం అయ్యాక ముగ్గురం పోయాం.

ఎర్రనీళ్ళు నిండుగా పోతున్నాయి. అవతలి గట్టు పక్కన జమ్ము దగ్గర నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మామ కట్టె ఎత్తాడు. కార్బన్ కట్టెను ఊపినట్టు గబగబా ఊపలేదు. వెనక్కి ఊపి ఆగాడు. అంత సేపు ఆగాడేమిటి, మర్చిపోయాడా అనుకున్నాను. కట్టె నిదానం మనిషి, ఆయన చెయ్యి ఇప్పుడు నిదానం చెయ్యి. ఇద్దరికీ కుదిరింది. దారం ఆయన తల మీదుగా సాగిపోయి ఈకను జమ్ము అంచున పెట్టింది. నా భార్య నా చొక్కా పట్టుకుంది.

మొదటి రెండు సార్లూ ఏమీ లేదు. మూడోసారో నాలుగోసారో ఆయన కాలువ వైపు చూడడం మానేశాడు. తల వంచుకుని, కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళలో నాకేమీ కనబడలేదు. నీళ్ళు కదలలేదు, దారం కదలలేదు. మామ ఉన్నట్టుండి కట్టె ఎత్తాడు.

కట్టె పిడి దాకా వంగింది. జమ్ములో నీళ్ళు బద్దలయ్యాయి. కొరమీను నల్లటి వీపు ఒకసారి పైకొచ్చి తిరగబడింది. ఎంత పెద్దదో చెప్పలేను, చేపల కొలతలు నాకు తెలియవు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని వాణ్ణి, ఆ క్షణంలో ఆ చేప గట్టు మీదికి రావాలని నేను కోరుకున్నంతగా జీవితంలో దేన్నీ కోరుకోలేదు. రావే, రావే అని పైకే అంటున్నానట, తర్వాత నా భార్య చెప్పింది.

కట్టె మధ్యలో ఒక ఉంగరం జారింది. దాని వెనకే ఇంకొకటి. నేను పూసిన రెజిన్ గొట్టం గొట్టంగా ఊడి, ఉంగరాలు దారంతో పాటు కొస వైపు పూసల్లా జారిపోయాయి. దారం ఒక పక్కకు లాగింది, సడలింది. నీళ్ళు మూసుకున్నాయి. చేప పోయింది.

నేను పరుగున పోయి కట్టె పట్టుకుని చూశాను. ఉంగరాలున్న తావున తడిమితే వేలికి జిడ్డు తగిలింది. వాసన చూశాను. ఆముదం.

"మామా, దీనికి ఆముదం పూసినావా?"

"పూసినా. ఆ రాత్రే పూసినా" అన్నాడు, అందులో అడగడానికేముందన్నట్టు. "కట్టెకు ఆముదం పెట్టకుంటే ఎట్లప్పా? ఎండకు పగిలిపోదా?"

లష్కరు చేతికర్రకు నెలనెలా ఆముదం పట్టించిన మనిషి. గాజు అని ఎంత పిలిచినా ఆయన చేతికి అది కర్రే. జిడ్డు మీద రెజిన్ అతకదని ఆయనకు నేను చెప్పలేదు, ఆయన నన్ను అడగలేదు. నా పసుపు కొమ్ముకు ఆయన ఆముదం సరిగ్గా సరిపోయింది. నాకు కోపం రావలసింది. రాలేదు. ఏడుపొచ్చింది, ఆ చేప కోసం.

"పోయింది మామా" అన్నాను.

"పోనీలే." ఆయన కుడిచేతిని విప్పి చూసుకుంటున్నాడు. "నీకంటే ముందే తెలిసినాది శెట్టీ. నీళ్ళు కదలకముందే తెలిసినాది."

నా భార్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ముగ్గురం గట్టు మీద కూర్చుని, ఆమె తెచ్చిన నిమ్మకాయ చిత్రాన్నం తిన్నాం.

తర్వాత కట్టెను థిన్నరుతో కడిగి ఉంగరాలు మళ్ళీ కట్టాను. కాలువకు నీళ్ళున్న రోజులన్నీ ఆయన పోయేవాడు. తిండి తిన్నాడు, మందిరానికి పోయాడు, నన్ను తిట్టాడు. తలుపుల కోసం మళ్ళీ వచ్చిన ఇంజినీరు ఆ కట్టె పట్టుకుని వదలలేదు. ఆయనకొకటి, ఆయన స్నేహితులకు కొన్ని చేసిచ్చాను. ప్రతిదానికీ ముందు పెరట్లో పరీక్ష ఉండేది. మామ కళ్ళు మూసుకుని పట్టుకునేవాడు, మేము కొస లాగేవాళ్ళం, ఆయన ఆ అంటేనే అది షెడ్డు దాటేది. వాళ్ళు చేపను పట్టి మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారని ఇంజినీరు చెబితే మామ నా వైపు తిరిగాడు. "మీ శెట్లే నయం. అసలు పట్టనే పట్టరు" అన్నాడు నాతో.

అట్లా కొన్నేళ్ళు. ఆపైన పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి మాట తిరిగి రాలేదు. కళ్ళు తెరిచి ఉండేవి గాని మమ్మల్ని చూస్తున్నాడో లేదో తెలిసేది కాదు. ఆసుపత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తీసుకొచ్చి లోపలి గదిలో మంచం వేశాం. మందిరం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, పాట పాడి పోయారు. నా భార్య పిలిచి పిలిచి ఊరుకుంది. మేము ఇక్కడున్నామని ఆయనకు తెలుస్తోందా లేదా, ఆమెకు కావలసింది అదొక్కటే. నన్ను అడిగింది. నాకేం తెలుసు?

ఒక మధ్యాహ్నం ఆమె గోడ మీది గాజు కట్టె తీసి, పిడి ఆయన కుడిచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది. కట్టె మంచం మీద నుంచి గుమ్మం వైపు చాపుకుని ఉంది. దారం కొస పట్టుకుని ఆమె గుమ్మం దాటి వసారాలోకి పోయి నేల మీద కూర్చుంది. అక్కడి నుంచి ఆమెకు మంచం కనబడదు. నేను మంచం పక్కన ఉన్నాను.

ఆమె లాగింది. కట్టె వంగింది. ఆయన ముఖం కదలలేదు. మళ్ళీ లాగింది. మళ్ళీ. నేను ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. కొస వంగుతూ లేస్తూ ఉంది. ఇట్లా ఎంతసేపు చేస్తుందీ మనిషి అనిపించింది. నాకు భరించడం కష్టమైంది. లేచి గుమ్మం దగ్గరికి పోయాను.

"చాలు, ఆపు. ఆయన అలసిపోతాడు" అన్నాను.

"నేను ఎప్పుడో ఆపినా" అంది ఆమె, తల ఎత్తకుండా. "నాయనే లాగుతాండాడు."

దారం నా చేతికిచ్చింది. పట్టుకుని నిలబడ్డాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత వేలితో మీటినంత, ఒక్కసారి, తెలిసింది.